కావలి దింపని తోట

చిట్యాల,
2 ఏప్రిల్ 2025

ఫుప్పూ, అస్సలాము అలైకుం.

నేను ఈద్‌కు ఇంటికి రాకపోవడానికి కారణం ఈగలు. అబ్బాయి కాదు.

ఈ మాట అబ్బాకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ఆయనది ఒకటే ప్రశ్న: "ఏ ఊరి పిలగాడు?" వెనక నుంచి అమ్మీ ముక్కు చీదుతూ, "చదువుకున్న పిల్ల ఈగల కోసం పండుగ ఇడిచిపెడ్తదా? ఎవరికి చెప్తున్నవే!" అంది. నేను ఏది చెప్పినా దాని వెనక ఇంకేదో ఉంటుందని వాళ్ల నమ్మకం. జంతుశాస్త్రం చదివితే డాక్టరు సీటు రాక చదివిందన్నారు. డ్రోన్ నడపడం నేర్చుకుంటే పెళ్లి వీడియోలు తీయడానికన్నారు. చెప్పింది చెప్పినట్టు వినే మనిషివి ఆ ఇంట్లో నువ్వొక్కదానివే. అందుకే ఈ ఉత్తరం. ఫోనైతే అబ్బా స్పీకర్ పెట్టమంటాడు. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు, అమ్మీకి అదీ రాదు. తెలుగులో రాస్తే మన మాట మన మధ్యే ఉంటుంది.

అసలు నేనిక్కడ ఏం చేస్తున్నానో నువ్వైనా విను. మామిడికి పట్టే పండు ఈగ నీకు తెలుసు కదా. కాయ పక్వానికి వచ్చేటప్పుడు ఆడ ఈగ తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పైకి బంగారంలా ఉన్న పండును కోస్తే తెల్ల పురుగులు కదులుతుంటాయి. మా సంస్థ మగ ఈగలను లక్షల్లో పెంచి, కిరణాలు పెట్టి, సంతానం కలగకుండా చేస్తుంది. వాటిని తోటలో వదిలితే అక్కడి ఆడ ఈగలు వాటితో జత కడతాయి. గుడ్లూ పెడతాయి. కానీ ఆ గుడ్లు పొదగవు. మందు కొట్టే పని లేకుండా పురుగు తగ్గిపోతుంది.

ఈగలు హైదరాబాదు నుంచి చల్లని పెట్టెల్లో వస్తాయి. పొద్దు పొడిచే వేళ మూత తీస్తే చలికి మొద్దుబారి జొన్నగింజల్లా కుప్పగా పడి ఉంటాయి. వాటిని డ్రోన్ కింది డబ్బాలో పోసి ఎగరేస్తాను. చెట్ల మీదికి పోయాక డబ్బా అడుగు తెరుచుకుంటుంది. అవి నిద్రలోనే రాలిపోతూ, దారిలో గాలి వెచ్చగా తగిలి, నేల తాకకముందే రెక్కలు విప్పుతాయి. పడుతూ పడుతూ మేలుకోవడం ఎలా ఉంటుందా అని రోజూ అనుకుంటాను. కొన్ని మేలుకోవు.

మా ఈగలను గుర్తుపట్టడానికి రంగు పొడి పూస్తారు. మొదటి విడతకు గులాబీ, తర్వాత పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. ఒకసారి వాడిన రంగు మళ్లీ వాడరు. రంగును చూస్తే ఈగ వయసు తెలుస్తుంది. వదిలాక అవి బతికేది రెండు మూడు వారాలే.

తోట యజమాని గట్టయ్య మొదటిరోజు డ్రోన్ చుట్టూ తిరిగి, "ఈగలను సంపాలెనంటే ఈగలనే తెచ్చి పోస్తున్నవా బిడ్డా? గిదేం లెక్క?" అన్నాడు. "ఇవి మగవి గట్టయ్యా, వీటికి పిల్లలు కావు" అన్నాను. "అయితే మా అల్లుడోలెనన్నట్టు" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

ఈ సీజన్లో ఇక్కడ పుచ్చు తగ్గిందని తేలితే సంస్థ నన్ను ఉద్యోగంలో ఉంచుకుంటుంది. లేకపోతే కోతలు కాగానే పెట్టె సర్దుకోవాలి. సర్దుకుంటే మహబూబాబాద్ ఇంతియాజ్‌తో నిఖా. మోటార్లకు వైరు చుట్టుకుంటూ బతికే మనిషి, చెడ్డవాడేం కాదు. నన్ను అడగకుండా మాట ఇచ్చేశారన్నదే నా గొడవ. నువ్వు అబ్బాకు నచ్చజెప్పు. నువ్వు అక్కవు, నీ మాటకు ఆయన ఎదురు చెప్పడు.

ఇంకో సంగతి. తోట దక్షిణం మూల మీదికి డ్రోన్ పోగానే ఎవరో రేకు డబ్బా కొడతారు, పిట్టలను తోలడానికి కావలివాళ్లు కొట్టినట్టు. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాసేపు ఆగి ఒకటి. డ్రోన్ మరలగానే ఆగిపోతుంది. గట్టయ్య పెట్టిన కావలి మనిషై ఉంటాడు. కంటపడటం మాత్రం లేదు.

షీర్ ఖుర్మా తినకుండా ఈద్ గడిపిన
కహ్కషాన్


జనగామ,
11 ఏప్రిల్ 2025

బేటీ కహ్కషాన్‌కు ఫుప్పు దువాలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమన్ "ఇంకా ఉత్తరాలు రాసేటోళ్లున్నరా బేగం?" అని నవ్విండు. "రాసేటోళ్లున్నరు గనుకనే నీకు నౌకరి ఉన్నది" అన్న.

మీ అబ్బాతోని మాట్లాడిన. అన్నం ముందట కూసున్నప్పుడు జర మంచిగ ఉంటడని అప్పుడే తీసిన. "ఈగలకు గాలిమోటరెక్కే నసీబు ఉన్నది, నాకు జనగామ బస్సుల సీటు దొరకదు" అని నవ్విండు. నవ్విండంటే సగం ఒప్పుకున్నట్టే. గని తోట చిట్యాల గట్టయ్యదట అని నా నోట్లె నుంచి వచ్చిందో లేదో, ముద్ద పళ్లెంల పెట్టి చెయ్యి కడుక్కున్నడు. అప్పటిసంది ఇంట్ల ఎవరితోని మాట లేదు. మీ అమ్మీ షుగర్ పెరిగిందేమోనని పరేషాన్ అయితున్నది.

పిల్లలు కాని మగ ఈగల ముచ్చట చదివిన. అల్లుని మీద గట్టయ్య ఆడిన పరాచికం గూడ చదివిన. నా పెనిమిటిని, మీ ఫుప్పాను గూడ మంది గట్లనే అన్నరు, నన్ను గూడ అన్నరు. కోపం లేదు బేటీ. గని నాకు రాసేటప్పుడు జర చూసి రాయి.

ఇప్పుడు నేను అడిగేదానికి నవ్వకుండ జవాబు చెప్పు. ఆ దక్షిణం మూలకు రాతి ఒర బాయి ఉన్నదా? బాయి పక్కపొంటి రెండు పాయలుగ చీలిన మామిడిచెట్టు ఉన్నదా? డబ్బా ఆగినంక ఎవరన్న దగ్గుతరా?

నువ్వు జవాబు రాసేదాక ఆ మూల మీదికి నీ మిషను పంపకు. పని ఇడిచిపెట్టి వచ్చినా నేనేమనను. ఇంతియాజ్ ముచ్చట వచ్చినంక చూసుకుందాం.

నీ పైలం కోరే
మున్నవర్ బేగం


చిట్యాల,
21 ఏప్రిల్ 2025

ఫుప్పూ, సలాం.

బావి ఉంది. చీలిన చెట్టు ఉంది. దగ్గు కూడా ఉంది.

నీకెలా తెలుసు?

నాకు తెలిసింది చెబుతాను. ఈ నెల మొదటి వారంలో ఇంతియాజ్ పక్క ఊళ్లో ఎవరిదో మోటారు బాగు చేయడానికి వచ్చి, ఈ తోట ఎక్కడని అడిగి, గట్లమీద తిరిగి పోయాడట. గట్టయ్యే చెప్పాడు. అంటే అబ్బా అతన్ని పంపాడు. అతను చూసింది చూసినట్టు వచ్చి చెప్పాడు. దానికి నీ చేత ఉప్పూకారం వేయించి నన్ను భయపెట్టాలని చూస్తున్నారు. అబ్బా చేస్తే ఆశ్చర్యపోను. నువ్వు కూడా "వచ్చేయ్" అని రాస్తావనుకోలేదు. ఈగల గురించి నేను రాసింది నిన్ను పొడిచినట్టు తీసుకున్నావు. పిల్లలు కాలేదన్న మాట మన ఇంట్లో ఎవరో అంటే విని పెరిగాను గానీ, నేనెప్పుడూ అననిదాన్ని. ఈగల గురించి ఇంకోలా ఎలా రాయాలో నాకు తెలియదు.

ఇక్కడి సంగతులు మాత్రం నాకే అంతుపట్టడం లేదు. నువ్వు వద్దన్నా దక్షిణం మూల మీదికి డ్రోన్ పంపాను. ఆ మూల వదిలేస్తే మొత్తం తోట ఫలితం చెల్లదంటారు. డబ్బా మోగింది. డ్రోన్ ఒకసారి పక్కకు ఒరిగి సర్దుకుంది. కిందికి దింపి ఈగల డబ్బా తీసి చూస్తే అడుగున గుండ్రని గులకరాయి ఉంది. వడిసెలలో పెట్టి విసిరే సైజు. డబ్బా అడుగు రెక్కలు తెరుచుకునేది కిందికి. రాయి కింది నుంచి వచ్చి, తెరిచిన సందులో దూరి, లోపలే ఆగిందంటే విసిరినవాడి గురి ఎంత గొప్పదో చూడు. రాయి మీద ఇంకా ఆరని అరచేతి చెమట ఉంది. చుట్టూ ఇంకా మేలుకోని ఈగలు.

గట్టయ్య మీద విరుచుకుపడ్డాను. "నీ కావలివాడు డ్రోన్ పగలగొడితే ఎవరు జవాబుదారీ?" అన్నాను.

"నాకు కావలి ఎక్కడిది మేడం?" అన్నాడు. అప్పటిదాకా బిడ్డా అని పిలిచినవాడు. "గీ తోటను గుత్తకు పట్టేటోడే లేడు. సూసెతందుకు వస్తరు, ఆ మూలకాడిదాక పోతరు, మల్ల రారు. నేనే కోసుకుంటున్న, నేనే అమ్ముకుంటున్న."

"మరి రాయి ఎవరు వేశారు?"

"ఆ మూలకు పిట్ట వాలదు. కోతి రాదు. గబ్బిలం రాదు. కాయ రాలినా ఎవ్వడు ఏరుకోడు. నేను అడుగలేదు, నువ్వు గూడ అడుగకు."

గట్టయ్య అబద్ధమాడుతున్నాడని మా సంస్థలో సార్‌కు ఫిర్యాదు చేద్దామనుకున్నాను. కానీ సార్‌తో మాట్లాడేసరికి నా చేతిలో ఇంకో సమస్య ఉంది. ఈగలను లెక్కపెట్టడానికి తోటంతా ఎర సీసాలు వేలాడదీస్తాం; ఆ మూలలోని సీసాలో పడినవన్నీ గులాబీ ఈగలు. మొదటి విడతవి. ఈపాటికి వాటి రెక్కలు కూడా మట్టిలో కలిసిపోయి ఉండాలి. తోటలో మిగతా అన్ని సీసాల్లో ఆకుపచ్చవే పడుతున్నాయి, పసుపువి అక్కడక్కడా. ఆ మూలలో మాత్రం గులాబీవి, అదీ నిన్న గూడు చీల్చుకొని వచ్చినట్టు నిగనిగలాడుతూ. "ల్యాబ్‌లో పొడి కలిసిపోయి ఉంటుంది, ఆ సీసా లెక్కలోకి తీసుకోకు" అన్నారు సార్. పొడి కలిస్తే అన్ని సీసాల్లోనూ కలవాలి కదా.

నేను భయపడటం లేదు. అబ్బాకు ఆ మాట చెప్పు.

కహ్కషాన్


జనగామ,
1 మే 2025

కహ్కషాన్ బేటీ,

ఇంతియాజ్ పాపం ఎవరు పంపితే పోలేదు. చేసుకోబోయే పిల్ల ఏం పని చేస్తదో దూరంకెళ్లి చూసి వచ్చిండట. "గాలిమోటరు బాగ నడుపుతది ఫుప్పూ, నాకంటే హోషియార్" అని నాకే చెప్పిండు. మీ అబ్బాకు గిది తెల్వది. నేను బాయి ముచ్చట ఎట్ల చెప్పిన్నంటే, ఆ బాయి నీళ్లతోనే నేను నీకు స్నానం పోసిన.

మీ ఫుప్పా అబ్దుల్ బారీ దవాఖానల చనిపోలేదు.

ఆ తోట మేమే పట్టినం. ఏటేట మాకే గుత్తకు ఇచ్చేటోడు గట్టయ్య తండ్రి. పూత మీద మాట్లాడుకొని, గుడిసె ఏసుకొని, కాయ దిగేదాక ఆడనే వండుకొని ఆడనే పండుకునుడు. గుడిసె వాసం ఆ చీలిన చెట్టుకే కట్టేది. ఆయన చనిపోయిన ఏడు మీ అమ్మీకి టైఫాయిడ్ వస్తే నిన్ను నా ఒళ్లె ఏసిండ్రు. ఆ గుడిసెలనే నీకు మొదటి బువ్వ పెట్టిన. మీ ఫుప్పా పొద్దంత రేకు డబ్బా కొట్టుకుంట తిరిగేది. వడిసెల తిప్పితే గింజంత గురి తప్పేటోడు కాదు. బీడీలు తాగి తాగి దగ్గు.

కోతల కాలంల ఒకనాడు పొద్దుగాల వాన పడ్డది. మీ అబ్బా టెంపో తెచ్చిండు. చెట్టు తడిగ ఉన్నది, రేపు కోస్తనన్నడు ఈయన. మీ అబ్బా ఇనలేదు, మార్కెట్ల పరువు పోతది, ఎక్కు ఎక్కు అని తొందరపెట్టిండు. ఎక్కిండు. బాయి ఒర మీద పడ్డడు. టెంపోల కాయల మీద పండబెట్టి తీసుకపోతుంటే చిట్యాల దాటకముందే శ్వాస పోయింది. మీ అబ్బా నా చెయ్యి పట్టుకొని, "తోటల పోయిండంటే మనకు ఇంకెవ్వడు తోట ఇయ్యడు అక్కా, దవాఖానల పోయిండనే చెప్దాం" అన్నడు. సరే అన్న. అప్పటిసంది గదే చెప్పుకుంట వచ్చినం.

ఇప్పుడు అసలు ముచ్చట విను. కాయ అయిపోయినంక గుత్త పట్టినోడు గుడిసె తాడు తన చేత్తోని విప్పాలె. తోటాయనను పిలిచి, "నా కావలి దిగింది, నీ తోట నీకు" అని సలాం చెప్పి పోవాలె. దాన్నే కావలి దింపుడు అంటరు. తాడు విప్పనిది ఎవ్వడు పోడు. తోట మెడ మీద ఉంటది. ఆయన లేకుంటే ఆ గుడిసెల తిన్న ఇంటోళ్లు ఎవరన్న విప్పొచ్చు. నాకు ఇద్దత్, ముండమోసినదాని నాలుగు నెల్ల పది దినాల గోష, అయిపోయేసరికి వానకాలం గూడ అయిపోవచ్చింది. తీసుకపొమ్మని మీ అబ్బాను ఎంత బతిమిలాడిన్నో. "పోయినోడు పోయిండు, తాడుల ఏమున్నది?" అన్నడు. ఇప్పుడు నాకు మోకాళ్లు లేవు.

మీ ఫుప్పా ఇంక ఆడనే కావలి ఉన్నడు, నీ మిషను చూసి ఏదో పెద్ద పిట్ట కాయ మీదికి వచ్చిందనుకుంటున్నడు. నిన్ను కొట్టేతందుకు కాదు.

నువ్వు ఆ గుడిసెల తిన్నదానివి. పోయి తాడు విప్పు. గట్టయ్యను పక్కన నిలబెట్టుకొని ఆ మాట అను. మీ ఫుప్పాను పోనియ్యి. గిదొక్కటి చెయ్యి, నీ నౌకరి కోసం మీ అబ్బాతోని నేను కొట్లాడత.

ఇంకొకటి. మీ అబ్బా నిన్ను తీసుకరానికి వస్తనంటున్నడు. రానియ్యకు. గేటు బయటనే మాట్లాడి పంపు. మీ ఫుప్పా ఆయనను గుర్తుపడతడు.

నీ ఫుప్పు


చిట్యాల,
12 మే 2025

ఫుప్పూ,

నీ ఉత్తరం చదివాక ఇంతియాజ్ గురించి నేను రాసింది తలుచుకొని సిగ్గుపడ్డాను. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. నా చిన్నప్పటి నుంచి దవాఖాన కథ చెప్పింది నువ్వే. ఆయన మంచం పక్కన డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పేదానివి.

నువ్వు చెప్పిన చోటికి వెళ్లాను. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. రంగు చూడటానికి నీలి టార్చి తీసుకున్నాను. చీలిన చెట్టు మొదలు మీద ఈగలు ఉన్నాయి. టార్చి వేయగానే చెట్టంతా గులాబీ రంగులో వెలిగింది. ఒకదాని మీద ఒకటి, బెరడు కనిపించకుండా. ఎగరవు, కదలవు. ఒక్కచోట మాత్రం బెరడు ఖాళీగా ఉంది. నేల నుంచి మనిషి నడుమెత్తు వరకు, వెడల్పుగా, పైన గుండ్రంగా. ఎవరో చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నంత మేర. ఒక ఈగ అటు పాకింది. అంచు దాకా పోయి, ఏదో తగిలినట్టు ఆగి, వెనక్కి మళ్లింది.

తాడూ ఉంది. కొబ్బరి తాడు, పాయ చీలిన చోట మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. ఇన్నేళ్ల వానకూ ఎండకూ పొడి అయిపోవాలి కదా? కొత్తగా ఉంది. ముట్టుకుంటే పీచు వేలికి గుచ్చుకుంది.

విప్పుదామనే వెళ్లాను. నన్ను నమ్ము. ముందు సలాం చెప్పాలనిపించింది. "ఫుప్పా, నేను బాబామియా బిడ్డను" అన్నాను. నా కాలి బొటనవేలి ముందు గులకరాయి పడింది. ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. "మున్నవర్ బేగం పంపితే వచ్చాను" అన్నాను. దగ్గు వినిపించింది, చాలా దగ్గరలో. ఇంకో రాయి పడలేదు.

తాడు విప్పలేదు. పొద్దున డ్రోన్ ఎగరేసే ముందు మూలకు వెళ్లి, "మున్నవర్ బేగం పంపింది, ఇది మనదే" అన్నాను. డబ్బా మోగలేదు. డ్రోన్ ఆ మూల మీద తొలిసారి నెమ్మదిగా, గీత గీసినట్టు తిరిగి వచ్చింది. అప్పటి నుంచి రోజూ అలాగే చెబుతున్నాను. రోజూ దారి ఇస్తున్నాడు.

ఆ మూల చెట్ల కాయలు కోయించి చూశాను. ఒక్క కాయ మీద పొడిచిన మచ్చ లేదు. పురుగు లేదు. గట్టయ్య ఒక పండు వాసన చూసి, తినకుండా బుట్టలో పెట్టేశాడు. "తినవా?" అంటే, "కావలి దిగని మూల కాయ ఎట్ల తింటం బిడ్డా? మా నాయిన గూడ తినలే" అన్నాడు. ఇప్పుడు తోటంతా సీసాల్లో పడే మామూలు ఈగలు తగ్గిపోతున్నాయి. దక్షిణం నుంచి మొదలై ఉత్తరానికి. మా ఈగల పనో, ఇంకొకరి పనో నాకు తెలియదు. సార్ మాత్రం సంతోషంగా ఉన్నారు.

కోతలు అయ్యేదాకా ఆగుదాం ఫుప్పూ. ఇంకా కాయ ఉంది కదా. కాయ ఉండగా కావలి దింపరు కదా.

కహ్కషాన్


జనగామ,
21 మే 2025

కహ్కషాన్,

నా పేరు చెప్పి ఆయనతోని పని చేయించుకుంటున్నవా?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో. ఈగలు ఒంటి మీద వాలకుండ ఖాళీ ఇడిచినయని రాసినవు. ఆయన ఇన్నేండ్లు గట్లనే చెట్టుకు ఆనుకొని కూసున్నడన్నట్టు. ఒక్కనాడు ఒరిగింది లేదు. నువ్వేమో కాయ ఉన్నది గదా అంటున్నవు. కాయ ఏటేట కాస్తది. ఆ లెక్కన ఎన్నటికి దింపుతవు?

నేను పంపినట్టు చెప్పినవు. నేను పంపింది నీ మిషనుకు దారి ఇయ్యమని కాదు. నేను పంపింది ఆయనను ఇంటికి రమ్మని.

దవాఖాన ముచ్చట అబద్ధం చెప్పిన, నిజమే. నీకు చెప్పేటప్పుడు నాకు నేను గూడ చెప్పుకున్న. ఆయన మంచం మీద ఉండి, నా చెయ్యి పట్టుకొని పోయిండని. గది తప్పయితే నన్ను ఎదురుంగ అడగాలె, గిట్ల కాదు.

మీ అబ్బా పొద్దుగాలనే పోయిండు. ఇంతియాజ్ కారు తెచ్చిండు. నేను గడపల అడ్డం కూసున్న. "లే అక్కా" అన్నడు. లేవలే. వెనక తలుపు నుంచి పోయిండు. ఈ ఉత్తరం నీకు అందేకంటే ముందే ఆయన ఆడ ఉంటడు. ఫోను చేద్దామంటే నీది మోగుడే లేదు.

ఆయనను లోపలికి రానియ్యకు. తాడు విప్పు. నేను అడిగేది గంతే. ఇంకేం రాయను.

మున్నవర్


చిట్యాల,
30 మే 2025

ఫుప్పూ,

నీ ఉత్తరం అబ్బా వచ్చి వెళ్లిపోయాక అందింది. ఆయన నీకు ఏమీ చెప్పి ఉండడు కాబట్టి నేను చెబుతాను.

కారు గేటు దగ్గర ఆగింది. నేను డ్రోన్ విప్పి తుడుస్తున్నాను. అబ్బా దిగలేదు. అద్దం దించి, "బ్యాగు తెచ్చుకో" అన్నాడు. రానన్నాను. ఇంతియాజ్ దిగి వచ్చి డ్రోన్ మోటార్లు వంగి చూశాడు. "గింత చిన్న మోటరుకు వైరు చుట్టాలంటే మా పెద్దమ్మ సూదులు కావాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత మెల్లగా, "నువ్వు రానంటే నాకేం ఫికర్ లేదు. గని మా అమ్మకు నువ్వే చెప్పాలె, నాతోని కాదు" అన్నాడు. చెబుతానన్నాను.

అప్పుడు డబ్బా మోగింది. డ్రోన్ నేల మీదే ఉంది, దాని రెక్కలు నా ఒళ్లో ఉన్నాయి. రెండు, ఆగి ఒకటి. మళ్లీ రెండు. అబ్బా కారు దిగాడు. ఆయన ముఖం నేను ఎప్పుడూ చూడని ముఖం. గట్టయ్య అడ్డం వచ్చి, "పోకు సాయిబూ, మంచిగుండదు" అన్నాడు. అబ్బా అతని పక్క నుంచి నడిచి గేటు దాటాడు. చెట్ల మధ్య దారి ఎవరినీ అడగలేదు.

నేను ఆపలేదు. ఆపి ఉండవచ్చు. ఆయన నా చేయి పట్టుకొని కార్లో కూర్చోబెట్టడానికి వచ్చాడని నాకు తెలుసు.

వెనకాలే వెళ్లాను. చీలిన చెట్టుకు ఇవతలే నిలబడిపోయాను. అబ్బా బావి ఒర దగ్గర నాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. డబ్బా ఆగిపోయింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు, పెద్దవాళ్లతో మాట్లాడేటట్టు తల కాస్త వంచి. "నేను ఎక్కమనలే బావా" అన్నాడు. తల ఇంకా వంచి, "అన్న. ఎక్కు ఎక్కు అని నేనే అన్న" అన్నాడు. ఆ తర్వాతి మాటలు వినబడలేదు. మధ్యమధ్య దగ్గు ఒకటి. అబ్బాది కాదు.

తిరిగి వస్తుంటే పక్క నుంచి పోయాడు, నన్ను చూడలేదు. ఆయన తెల్ల అంగీ వీపు మొత్తం ఈగలు. ఒకదాని మీద ఒకటి, గుడ్డ కనిపించకుండా. ముందువైపు ఒక్కటి లేదు. కారెక్కేటప్పుడు ఇంతియాజ్, "మామా, అంగీ నిండ ఈగలు" అని తువ్వాలతో కొట్టాడు. అవి లేవలేదు. అబ్బా సీటుకు ఆనుకోకుండా, నిటారుగా కూర్చున్నాడు. "ఇంటికి పోదాం" అని ఇంతియాజ్‌తో అన్నాడు. నన్ను రమ్మనలేదు. ఇకముందు కూడా రమ్మనడు.

చెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లి చూశాను. మొదలంతా ఖాళీ. ఒక్క గులాబీ ఈగ లేదు. ముదురు బెరడు, చీమలు, అంతే. తప్పో ఒప్పో, ఫుప్పా నన్ను ఒంటరిగా వదిలేశాడనిపించింది. అప్పుడు నా వెనక డబ్బా మోగింది. తేలిగ్గా ఒక్క దెబ్బ. ఉన్నానని చెప్పినట్టు.

అబ్బా ఎలా ఉన్నాడు? ఆ అంగీ విప్పాడా? పడుకుంటున్నాడా, కూర్చునే ఉంటున్నాడా? నువ్వు రాయకపోయినా అడుగుతున్నాను.

ఇక్కడ కోతలు నిన్నటితో అయిపోయాయి. ఇన్నాళ్లలో ఇంత శుభ్రమైన పంట చూడలేదని గట్టయ్య అన్నాడు. అన్నప్పుడు నవ్వలేదు. సార్ ఫోన్ చేశారు. ఉద్యోగం ఖాయం. పెద్దవంగర తోటలు కూడా నన్నే చూడమన్నారు. దక్షిణం మూల గులాబీ ఈగల మాట నేను ఎక్కడా రాయలేదు. ఆయన అడగనూ లేదు.

కాయ అయిపోయింది కాబట్టి నీ మాట గుర్తుంది. గట్టయ్యను తీసుకొని చెట్టు దగ్గరికి వెళ్లాను. అతను దూరంగా, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నేను తాడు మీద చేయి వేశాను. ముడి వదులుగానే ఉంది, ఒక్క లాగుతో వచ్చేది. "అను బిడ్డా. నీ తోట నీకు అని అను, నాకు గూడ పానం నిమ్మళమైతది" అన్నాడు గట్టయ్య.

నేను ఆ మాట అనలేదు. "వచ్చే ఏటికి ఈ తోట నేను పడతాను" అన్నాను. గట్టయ్య భయపడుతూనే చేయి చాచాడు. చేతిలో చేయి వేశాను. ఇప్పుడు తోట నా మెడ మీద ఉంది. మన ఆచారం ప్రకారం కావలి దింపాల్సింది ఇక నేనే, ఇంకెవరు వచ్చి తాడు విప్పినా చెల్లదు.

ఆయనకే పోవడం ఇష్టం లేదని రాస్తే నువ్వు నమ్ముతావు. అలా రాయను. ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇష్టం లేనిది నాకు. మన ఇంట్లో నేను చెప్పిన మాట చెప్పినట్టు విన్న మగమనిషి ఆయన ఒక్కడే. ఆయన ఉన్నంతకాలం ఆ గేటు దాటి నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రారు.

నేను తాడు విప్పను. ఇంటికి రాను.

కహ్కషాన్